రామచందర్ ఇంటి ఒక్క మెయిల్

ఇంటి మెయిల్ పాస్‌వర్డ్ మార్చమని మూడేళ్లుగా చెప్పీ చెప్పీ నీలిమ నోరు అరిగిపోయింది. తాండూరులో బండలమ్మే రామచందర్‌కు ఆమె చిన్నకోడలు. ఆ ఇంట్లో ఎనిమిది మందికీ ఒకటే మెయిల్, ఒకటే పాస్‌వర్డ్. దుకాణంలో కంప్యూటర్ ఎవరు తెరిచినా అందరి ఉత్తరాలూ కనిపిస్తాయి. ఇక బ్రౌజర్ అంటారా, అది అప్‌డేట్ మొహం చూసి ఎన్నేళ్లయిందో! తెరిస్తే చాలు, లాటరీ తగిలిందని తెర నిండా ప్రకటనలు.

కొత్తలో తనకంటూ ఒక మెయిల్ పెట్టుకోబోతే అత్త కస్తూరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఒక్క ఇంట్ల ఉండుకుంట వేరు పొయ్యి పెడ్తవా బిడ్డా?"

నీలిమ సొంత మెయిల్ ఆలోచన మానుకుంది. వికారాబాద్‌లో ఒక బడికి లెక్కల టీచరుగా దరఖాస్తు పెట్టినప్పుడు కూడా ఇంటి మెయిలే ఇచ్చింది. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఉత్తరం మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే గుమాస్తా, "వారం కిందే పంపినం, చూస్కోండ్రి" అని పెట్టేశాడు.

ఎవడో బయటివాడు మెయిల్‌లో దూరి ఉత్తరాలు మాయం చేస్తున్నాడని ఆమెకు అనుమానం పట్టుకుంది. ఈ ఉద్యోగం పోతే చదివిన బీయెడ్ బూడిదలో పోసిన పన్నీరే.

"మామా, మీ కాళ్లు మొక్కుత. పాస్‌వర్డ్ మారుద్దాం, కొత్త బ్రౌజర్ ఏస్త. ఎవలు తెరిసినా మీ ఫోన్‌కు కోడ్ వస్తది, దొంగోడు రాలేడు."

"ఇంట్లోళ్లకు తాళాలేంది బిడ్డా? ఫికర్ జెయ్యకు," అన్నాడు రామచందర్.

ఆమె భర్త రూపేష్ వైపు చూసింది. ఆ మహానుభావుడికి సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పులు సర్దే పని పడింది.

ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. కోడలు పస్తుంటే నలుగురూ ఏమంటారో అని ఎంతటి మామకైనా భయమే కదా! మూడో రోజు పొద్దున, "సరే, ఏం జేస్తవో జెయ్యి," అన్నాడు.

కొత్త బ్రౌజర్ వేసింది. పాస్‌వర్డ్ మార్చింది. మెయిల్‌ను ఎవరు ఎక్కడి నుంచి తెరిచారో చూపే జాబితా తీసింది. బయటివాడి జాడే లేదు, అన్నిసార్లూ దుకాణం కంప్యూటరే. ఇన్నాళ్లూ వచ్చినవాటిలోనే వెతికింది గానీ, పంపినవాటిలో చూడాలని తోచలేదు. అక్కడ బడివాళ్ల ఉత్తరానికి జవాబు ఉంది: "మా కోడలు ఉద్యోగానికి రాదు." కింద రామచందర్ పేరు.

"మామా, గిది మీరే పంపిండ్రా?"

"నేనే. ఆళ్ల ఉత్తరం తీసేసింది గూడ నేనే. రోజూ రైలెక్కి వికారాబాద్ పోయి పొద్దుగూకినంక వస్తవా? మనకేం తక్కువ? నీ మంచికే జేసిన బిడ్డా." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

వెంటనే బడికి ఫోన్ చేసింది. ఆ ఉద్యోగంలో నిన్ననే ఇంకొకామె చేరిందట. నీలిమ బండల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఎవడో దొంగను తిట్టుకుంది. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా లేదు, ఆ దొంగ మామే అయ్యాడు.

కాసేపటికి రామచందర్ కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "అయిందేదో అయింది. గా కొత్త పాస్‌వర్డ్ ఏందో చెప్పు, లారీవాళ్లకు మెయిల్ పెట్టాలె."

నీలిమ లేచి కళ్లు తుడుచుకుంది.

"ఇంటి మెయిల్‌ది చెప్త మామా, రాసుకోండ్రి. ఇయ్యాల నేను పెట్టుకునే మెయిల్‌ది మాత్రం సచ్చినా చెప్ప."