కర్ఫ్యూ కోసం దాచిన పిండి

ఇయ్యాల గోధుమపిండి డబ్బా మూత తీస్తే గుప్పున ముక్కిన వాసన కొట్టింది.

పాతబస్తీల నాతోని పెరిగినోళ్లకు యాదుందా, కర్ఫ్యూ ఎప్పుడు పెడ్తరోనని ఇంటింట్ల బియ్యం, పిండి, స్టవ్వుల పోసే గ్యాసునూనె దాచుకునేటోళ్లు? మాదన్నపేటల మా పిండిడబ్బా నాయనమ్మ మంచం కింద ఉండేది. ఎవ్వర్నీ ముట్టనియ్యకపోయేది.

ఒకసారి కర్ఫ్యూల పక్కింటి యాదమ్మ చంటిపిల్లను ఎత్తుకొని వచ్చింది. "పెద్దమ్మా, గిన్నెడు పిండి ఉంటే ఇయ్యి. పోరలు పొద్దుగాల్నుంచి ఏం తినలే" అన్నది.

"మాకే లేదు బిడ్డా" అన్నది నాయనమ్మ, ఆ మంచం మీదనే కూసొని.

రెండ్రోజులకు మా బియ్యం అయిపోయి అమ్మ ఆ డబ్బా తీసింది. పిండంత గడ్డలు కట్టి, దాంట్ల తెల్లపురుగులు లుకలుకలాడుతున్నయి. అమ్మ తీస్కపోయి ఇంటి ముంగట మోరీల కుమ్మరిస్తుంటే, యాదమ్మ తన గడపల నిలబడి చూసింది.

"పిండి ఉండెనా పెద్దమ్మా?" అన్నది, అంతే.

నాయనమ్మ లోపలికి పోయింది. ఆ తర్వాత మస్తు రోజులు నాయనమ్మ అన్నం కలిపి ముద్ద నా నోటికి పెట్టబోతే, అసహ్యమేసి మొఖం తిప్పుకునేదాన్ని.