తూర్పు హద్దు

బ్యాంకు లాయరు గదిలో గడిపిన ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది.

మా ఇంటి అప్పు ఒక ఫైనాన్స్ కంపెనీలో ఉండేది. వాళ్ళు వడ్డీ పెంచుకుంటూ పోతుంటే, దాన్ని బ్యాంకుకు మార్చుకుందామని నేనూ నా భార్యా అనుకున్నాం. ఇద్దరం టీచర్లం. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదులు, ప్లాను అన్నీ ముందే సిద్ధం చేశాను. మూఢనమ్మకాల మీద వాదనకు వేదిక ఎక్కేటప్పుడు కూడా అంత తయారై వెళ్ళలేదు. ఇద్దరం కలిసే వెళ్ళాం. ఇక లాయరు చూసి, టైటిల్ బాగుందని రాసిస్తే చాలు.

అతను ఓపిగ్గా చదివాడు. మిర్చి సీజను, కిటికీలోంచి ఘాటు. తుమ్మి, ముక్కు తుడుచుకుని, "క్లియరండీ, ఎక్కడా వంకలేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒక్కటే మాస్టారూ. మీ తూర్పు హద్దు."

మా దస్తావేజులో తూర్పు హద్దు: హరిజనవాడకు పోవు దారి. స్థలం అమ్మిన రైతు ఎలా చెబితే దస్తావేజు రైటరు అలా రాశాడు.

"ఉంటే ఏమైందండీ?"

"విలువ కట్టడానికి ఇంజినీరు వస్తాడు కదా. ఈ ముక్క చూశాడంటే రేటు కోస్తాడు. మీ పాత అప్పు తీరేంత లోను రాదు. అమ్మినాయన్ని పట్టుకొచ్చి సవరణ దస్తావేజు రాయించుకోండి. అయినా మిమ్మల్ని చూస్తే ఎవరూ ఆ వాడ మనుషులనుకోర్లెండి. మేడమ్ గారైతే అసలు..."

మెచ్చుకోలుగానే అన్నాడు. తిట్టేవాడితో ఎలా వాదించాలో నాకు తెలుసు. మేలు చేస్తున్నాననుకుంటూ మురికి పూసేవాడికి జవాబు వెతుక్కునేలోపు నా భార్య అందుకుంది.

"మా ఎదురు కోల్డ్ స్టోరేజీ లోనుకి కూడా మీరే చూశారంట కదండీ?"

"నేనేనమ్మా."

"వాళ్ళకి పడమర హద్దు మా రోడ్డే. వాళ్ళ దస్తావేజులో ఏమనుంది?"

అతను పెన్ను మూత పెట్టి తీశాడు. "పంచాయతీ రోడ్డు."

"ఉన్నది ఒక్క రోడ్డండీ. లారీ పోతే పంచాయతీది, మా అమ్మ నడిస్తే హరిజనవాడదా?"

"లోకం అలా ఉందమ్మా, నేనేం చేస్తాను?"

"ఇందాక చెప్పిందే రాసి సంతకం పెట్టండి. ఈ మాటకి ఇంటి విలువ తగ్గుతుందని."

"అలా రాయకూడదమ్మా."

"రాయకూడంది చెప్పొచ్చాండీ?"

టైటిల్ బాగుందని మాత్రం రాసిచ్చాడు. దస్తావేజు సవరించడానికి ఆమె ఒప్పుకోలేదు. "మా నాన్న పుట్టిన చోటుకే పోతుంది ఆ దారి. అబద్ధం ఏముంది చెరపడానికి?" అంది.

ఇంజినీరు వచ్చాడు, టేపు పట్టాడు, రోడ్డు ఎటు పోతుందని అడిగాడు. "మా అమ్మ వాళ్ళింటికి," అంది. రేటు తగ్గించే వేశాడు. ఎందుకో రాయలేదు. నాగరికులు ఇలాంటివాటికి కారణాలు రాయరు. తక్కువ పడినదానికి ఆమె గొలుసు తాకట్టు పెట్టాం. ఫైనాన్స్ కంపెనీ పీడ వదిలింది.

తనఖా రిజిస్ట్రేషన్ రోజున రైటరు మాకు కాగితం చదివి వినిపించాడు. ఉత్తరం, దక్షిణం, పడమర గడగడా చదివి, తూర్పు దగ్గర గొణిగాడు.

"గట్టిగా చదవండి," అంది నా భార్య.