వేదవ్యాస్ గారి బండి ఎందుకు ఆగింది

వాహనపూజలు చేసే పంతులుగారి బండే నడిరోడ్డు మీద ఆగిపోతే చూసేవాళ్లకి ఎంత వేడుకో ఏలూరులో మా వీధివాళ్లని అడగాలి.

మా పక్కింటి వేదవ్యాస్ గారు పురోహితుడు. పెళ్లిళ్లూ వ్రతాలూ ఉన్నా, ఇల్లు గడిచేది మాత్రం కొల్లేటి ఊళ్లలో కొత్త చేపల లారీలకూ ట్రాక్టర్లకూ చేసే పూజలతోనే. ఆయన తణుకులో ఎవరి దగ్గరో టూరింగ్ మోటార్‌సైకిల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. కొండలూ ఎడారులూ తిరగడానికి చేసిన బండి. రెండువైపులా పెట్టెలు. ఆ పెట్టెల్లో దర్భలూ కర్పూరమూ సర్దుకుని, పంచె ఎగ్గట్టి చెరువుగట్ల మీద తిరిగేవారు. చూస్తే నాకు ఒళ్లు మండేది. మనిషికి స్కూటర్ చాలదా?

వానలతో పాటు మొదలైంది జబ్బు. బండి స్టార్టవుతుంది, న్యూట్రల్‌లో ఎంతసేపైనా ఆడుతుంది, గేరు వేయగానే టపీమని ఆగిపోతుంది. ఒక్కోసారి నడుస్తూ నడుస్తూనే ఆగేది. గేరు లివరు కూడా బిగుసుకుపోయి, రెండో గేరు పడినట్టే పడి జారిపోయేది. తాడేపల్లిగూడెం మెకానిక్ ప్లగ్గు మార్చాడు, క్లచ్ వైరు మార్చాడు, బండి శుభ్రంగా కడిగి ఇచ్చాడు. కొద్దిరోజులు బుద్ధిగా ఉండి మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడే కొల్లేటికోటలో చేపల చెరువుల వీరాస్వామి కొత్త లారీ కొన్నాడు. ఫోన్ చేసి అనేశాడు.

"ఏమనుకోకండి పంతులుగారూ. మీ బండే మీ మాట వినట్లేదని ఊళ్లో నవ్వుతున్నారండీ. ఈసారికి ఇంకొకరిని పిలుచుకుంటామండీ."

వీరాస్వామి మానేస్తే చుట్టుపక్కల ఊళ్లూ మానేస్తాయి. ఆ పూట వేదవ్యాస్ గారు అన్నం తినలేదు. నాకూ పాపం అనిపించింది, అబద్ధమెందుకు?

మర్నాడు పిట్టగోడ ఇవతల నేను ఉండగానే ఆయన భార్య హరిప్రియ అంది.

"ఏవండీ, శుక్రవారం మీరు పూజ చేశాకే అది మొరాయిస్తోందండీ. గూడెంలో కడిగి ఇచ్చినప్పుడు బాగానే నడిచింది కదా!"

"పూజ చేస్తే బండి ఆగుతుందా? అపచారం!" అని కసిరారు. కసిరి, పీట వేసుకుని బండికి ఎడమవైపు కూర్చున్నారు.

విషయమేమిటంటే, ఓసారి చెరువుగట్టు మీద సైడు స్టాండు బురదలో దిగబడి బండి పడిపోయింది. మళ్లీ పడకూడదని ఆయన ప్రతి శుక్రవారం ఆ స్టాండుకే పసుపు దట్టంగా పూసి, పసుపుదారం కట్టేవారు. స్టాండు మొదట్లో చిన్న స్విచ్ ఉంటుంది. స్టాండు ఎత్తకుండా గేరు వేస్తే ఇంజన్ని ఆపేయడం దాని పని. పసుపు తడిసి ఆరి అందులో గట్టిపడిపోయింది. స్టాండు ఎత్తినా స్విచ్ కదలడం లేదు. పాత దారాలు జారి పక్కనే ఉన్న గేరు లివరు కీలుకి చుట్టుకున్నాయి.

పాత టూత్‌బ్రష్‌తో అంతా కడిగి, దారాలు కోసేసి, ఆయన బండి స్టార్ట్ చేశారు. గేరు వేశారు. ఆగలేదు. వీధి చివరిదాకా వెళ్లి నవ్వుతూ వచ్చారు.

"మెకానిక్ బాగుచేశాడని చెప్పండి. పూజ వల్లే ఆగిందంటే రేపు మనల్ని ఎవరు పిలుస్తారు?" అంది హరిప్రియ. నేనూ అదే అన్నాను.

"వాళ్ల బండ్లకీ ఇలాగే కట్టి వచ్చాను కదా. ఎలా దాచనండీ?" అని ఆయన కొల్లేటికోట బయల్దేరారు. ఏమవుతుందో చూద్దామని నేనూ వెనక ఎక్కాను.

వీరాస్వామి వాకిట్లో ఆయన జరిగిందంతా చెప్పేశారు. వీరాస్వామి కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. పాలేళ్లు నవ్వారు. పంతులుగారు తలవంచుకుని నిలబడ్డారు. ఎందుకొచ్చానురా భగవంతుడా అనిపించింది నాకు.

వీరాస్వామి తల్లి వెంకటనరసమ్మ మాత్రం నవ్వలేదు. "తప్పు తనదేనని ఇంతదూరం వచ్చి చెప్పారు కదరా. ఇంకొకరైతే నీ జాతకంలో దోషముందని శాంతి చేయించును. ఈయనే చేస్తారు పూజ" అంది. వీరాస్వామి నవ్వు ఆపాడు.

గురువారం కొత్త లారీ చుట్టూ ఊరు ఊరంతా మూగింది. పసుపుదారం చేతబట్టుకుని వేదవ్యాస్ గారు ముందు డ్రైవరుని పిలిచారు.

"ఎక్కడ కట్టకూడదో నువ్వు చెప్పు నాయనా. ఆ తరవాత నేను కడతాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు.