ఆమేన్ తర్వాత పడిన ఓట్లు

ఉత్తరాదిన డాలీగంజ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారపు ఆరాధనను హిందీలోకి మార్చాలా వద్దా అని గత ఏడాది ఓటింగ్ పెట్టింది. పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. మా పిన్నికి తెలుగు కీర్తనలు తప్ప మరేమీ రావు. హిందీ నెగ్గితే ఆమె నోరు మూసుకుని కూర్చోవలసిందే.

లెక్కించేవారి మీద ఎవరికీ గురి లేనందున, ఆ పనిని బ్లాక్‌చెయిన్ మీద ఒక స్మార్ట్ కాంట్రాక్టుకు అప్పగించారు. ఒకసారి ఎక్కించాక ఎవరూ దిద్దలేని ప్రోగ్రాము అది. రాసి, ఎక్కించినవాణ్ణి నేను. ఒక ఆదివారం ఫోన్లలో ఓట్లు వేయాలనీ, మధ్యాహ్నం పన్నెండింటికి ఓటింగ్ దానంతటదే ముగియాలనీ పెద్దల నిర్ణయం.

"నువ్వు చూపించిందే అక్కడ నడుస్తోందని నమ్మకమేటి?" అని ఒక పెద్దాయన అడిగాడు.

న్యాయమైన ప్రశ్న. మూల ప్రోగ్రామును అందరికీ కనబడేలా ఉంచి, దాన్ని యంత్రభాషలోకి మార్చే అదే కంపైలరుతో మళ్ళీ తయారుచేసి, అక్కడ నడుస్తున్నదానితో సరిపోల్చి చూపించాను. రెండూ పొల్లుపోకుండా కలిశాయి.

ఆ ఆదివారం పాస్టరుగారి ప్రార్థన సాగింది. ఆమేన్ వినబడేదాకా మా పెద్దవాళ్ళు కన్ను తెరవరు. తెరిచాక వాళ్ళంతా ఫోన్లు తీసి నొక్కారు. వాళ్ళ ఓటు ఒక్కటీ చేరలేదు. పన్నెండు దాటింది.

"అరే బేటా, ప్రార్థన జరుగుతుంటే ఆగదేటి అది?" అంది పిన్ని.

"దానికి ప్రార్థన తెలీదు పిన్నీ."

"అయితే బాప్తిస్మం ఇప్పించు."

వరండాలో లాప్‌టాప్ తెరిచి, కాంట్రాక్టు చిరునామానూ, అది చేయగల పనుల, అంటే ఫంక్షన్ల, వివరాన్నీ ఒక జావాస్క్రిప్ట్ ప్రోగ్రాముకు ఇచ్చి దాన్ని పిలిచాను. చదవడానికి పిలిస్తే అది దేన్నీ మార్చదు, ఉన్నది చెబుతుంది. హిందీ నెగ్గింది. ప్రతి ఓటు పక్కనా అది పడిన సమయం ఉంది. హిందీ ఓట్లు చాలావరకు ప్రార్థన మధ్యలో, అందరూ కళ్ళు మూసుకోవలసిన వేళ పడ్డాయి.

యువజనుల కార్యదర్శి అయిన నా మేనకోడలు వెనుక నిలబడి చూస్తోంది.

"మామయ్యా, ఈ టైమ్ సబ్‌కో దిఖేగా?"

"అందరికీ కనబడుతుంది. వెరిఫై చేసిన కాంట్రాక్టు. ఎవరైనా చదువుకోవచ్చు."

"పాస్టర్ గారు కూడా?"

"ఆయనకు ఫోనుంది కదా."

ఆమె లోపలికి వెళ్ళి స్నేహితులతో మాట్లాడి, తిన్నగా పిన్ని దగ్గరకు వచ్చింది.

"అమ్మమ్మా, యే గలత్ హువా, తప్పు జరిగింది. మళ్ళీ ఓటు వేద్దాం."

కొత్త కాంట్రాక్టులో గడియారం పెట్టలేదు. ఆమేన్ తర్వాత అందరూ ఓటు వేశాక పాస్టరుగారే ముగిస్తారు. మరుసటి ఆదివారం అలాగే జరిగింది. రెండు ఓట్ల తేడాతో తెలుగు నిలిచింది.

పాత కాంట్రాక్టు ఇంకా అక్కడే ఉంది. ఈనాటికీ పిలిస్తే హిందీ అనే చెబుతుంది. దాని ఊసు యువజనులే ఎత్తరు.