ప్రోగ్రామ్ ఆగినా మోటార్ ఆగదు: మా నస్రీన్

నిన్న పొద్దున వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు ట్రైన్ కోసం నిలబడి ఉన్నాను. నస్రీన్ వాళ్ల అన్న సలీం భాయ్ ఫోన్ చేశాడు.

"మంజూ... నస్రీన్ లేదమ్మా ఇగ."

నాకు అర్థం కాలేదు. "ఎక్కడికి పోయింది భాయ్?" అని అడిగాను.

అవతల ఏడుపు.

మొన్న సాయంత్రం వరకూ ఉత్త జ్వరమే. "గోలీ ఏసుకున్న, తగ్గుతది" అని మెసేజ్ పెట్టింది. నిన్న తెల్లవారుజామున హైదరాబాద్ తీసుకెళ్తుంటే దారిలోనే...

ఇంకా నమ్మలేకపోతున్నాను.

మేమిద్దరం వికారాబాద్‌లో డిప్లొమా క్లాస్‌మేట్స్. తర్వాత పని కూడా కలిసే. తాండూరు బండల పాలిష్ యూనిట్లలో మెషిన్లకు కంట్రోల్ బోర్డులు పెడతాం. వైరింగ్ నాది. బోర్డు మీద మెషిన్‌ని నడిపే చిన్న చిప్ ఉంటుంది, మైక్రోకంట్రోలర్. దానికి ప్రోగ్రామ్ రాసేది తను.

పోయిన ఎండాకాలం, బండను మోసుకెళ్లే ట్రాలీకి టెస్టింగ్. చిప్ లోపల ఏం జరుగుతుందో లాప్‌టాప్‌లో చూపించే డీబగ్గర్ తగిలించింది. ఒక లైన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టింది. అక్కడికి రాగానే ప్రోగ్రామ్ ఆగుతుంది, తీరిగ్గా తప్పు వెతుక్కోవచ్చు.

ప్రోగ్రామ్ ఆగింది.

ట్రాలీ ఆగలేదు.

మోటార్‌కి ఆగమని చెప్పాల్సిన చిప్పే నిలిచిపోయింది కదా. ట్రాలీ చివర మెషిన్ ఆపరేటర్ ఖాదర్ చాచా, ఆయన వెనక గోడ. ఎప్పటిలాగే ఆగుతుందని చూస్తున్నాడు.

నస్రీన్ స్టూల్ తన్నేసి ఉరికింది. మెయిన్ స్విచ్ లాగేసింది. చాచా నడుముకి జానెడు దూరంలో ఆగింది బండ.

"చాచా, తప్పు నాది. నీకు చెప్పకుంట ప్రోగ్రామ్ ఆపిన."

"బచ్‌గయా బేటీ, నాకేం కాలే. ముందుగాల నువ్వు జర నీళ్లు తాగు."

రెండు గుక్కలు తాగి, లాప్‌టాప్ మూసేసింది.

చిప్‌తో పని లేకుండా నేరుగా కరెంట్ కోసేసే ఎర్ర బటన్ పెట్టేదాకా మళ్లీ లాప్‌టాప్ తెరవలేదు. యూనిట్ ఓనర్ సేఠ్ విసుక్కున్నాడు.

"లేటయితే గానియ్ సేఠ్. బటన్ లేకుంట నేను ముట్ట."

అప్పటి నుంచి ప్రోగ్రామ్ ఎక్కించే ముందు "మెషిన్ కాడ ఎవరన్న ఉన్నరా?" అని అరిచేది. లేరని చెప్పినా లేచి వెళ్లి చూసొచ్చేది.

నిన్న అంత్యక్రియలకు జనాజా కదిలేటప్పుడు వాళ్ల అమ్మీ నా చేయి వదల్లేదు.

ఇవాళ పొద్దున సేఠ్ ఫోన్. పాపం, బాధపడ్డాడు. తర్వాత మెల్లగా, "రెండో మెషిన్ రేపు నడిపియ్యొచ్చునా అమ్మా? ప్రోగ్రామ్ ఎక్కించిన అని నస్రీన్ చెప్పిండె" అన్నాడు.

ఎక్కించింది ఏ వెర్షన్? ట్రాలీ ఆపే సెన్సర్ చెక్ చేసిందా? ఆ మెషిన్‌కు ఎర్ర బటన్ పెట్టాను గానీ ఇంకా నొక్కి చూడలేదు.

మళ్లీ చేస్తానని సేఠ్ ఫోన్ పెట్టేసి, అడుగుదామని అలవాటుగా నస్రీన్ నంబరే నొక్కాను. రింగ్ అవుతుంటే తెలివొచ్చింది. కట్ చేసి సేఠ్‌కి చేశాను.

"వద్దు సేఠ్. నేనొచ్చి చూసేదాక ఎవరూ ముట్టొద్దు."

సరే అన్నాడు. అయినా భయం. ఎవరో తెలియక స్విచ్ వేస్తే? కొత్తగా పనిలో చేరినవాళ్లు ఉంటే?

మధ్యాహ్నం ఖాదర్ చాచా వాయిస్ మెసేజ్.

"బిడ్డా, మెయిన్ తీసేసి డబ్బాకు తాళమేసిన. చావి నా జేబుల ఉన్నది. నువ్వు నిమ్మలంగ రా."

నిన్నటి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

పోయిరా నస్రీన్. ఇక్కడి ఫికర్ మేం పడతాం. ఆ అల్లా నీకు ఉలికిపాటు లేని నిద్ర ఇవ్వాలి.