బాబాయ్ విప్పేసిన బెల్టు

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరి చేతుల్లోకీ కొత్తగా పెద్ద ఫోన్లు వచ్చాయి, నెట్ చవకైంది. దాంతో అప్పటిదాకా ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ బతికిన మనుషులంతా ఉన్నట్టుండి నిపుణులైపోయారు. అమ్మ మోకాళ్ళ నొప్పులకు డాక్టరైంది. నాన్న వాతావరణం చూసుకునేవాడు (ఆయన వాన పడదని చెప్పిన రోజున మేం తప్పకుండా గొడుగు పట్టుకెళ్ళేవాళ్ళం). మా బాబాయ్ వాటాకు ఇంజిన్లు వచ్చాయి. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, నా మొదటి ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ ఫోన్లో ఎవరో చేసిన ఒక వీడియో మీద ఆధారపడిన పూట మాత్రం నాకు నవ్వన్నది గుర్తే లేదు.

బాబాయ్ నాన్నకు సొంత తమ్ముడు. తిరువూరు బస్టాండుకు దగ్గర్లో పురుగుమందుల కొట్టు నడిపేవాడు. ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, పికప్ బాబాయ్ అంటేనే అందరికీ తెలిసేది. ఏ వస్తువునైనా ఏ మనిషినైనా ఆయన ముందు చూసేది పికప్పే. బోరు మోటారుకు పికప్ తగ్గిందనేవాడు. పెళ్ళిలో వడ్డించేవాళ్ళకు పికప్ లేదనేవాడు. మా పిన్ని పెట్టిన ఆవకాయ ఆరు నెలలయ్యాక పికప్ అందుకుందని మెచ్చుకునేవాడు. నాన్నా ఆయనా కలిసి కొన్న పాత డీజిల్ కారొకటి మా వాకిట్లో ఉండేది. పికప్ విషయంలో ఆయన మనసుకు తీరని లోటు అదొక్కటే.

నాకప్పుడు అగ్రికల్చర్ డిగ్రీ అయిపోయింది. ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డు ఉద్యోగం వచ్చింది. గంపలగూడెం వైపు ఊళ్ళు తిరిగి పత్తి చేలల్లో మొలక ఎలా ఉందో చూడాలి. కంపెనీ కారిస్తుంది, లైసెన్సు మాత్రం నాకుండాలి. ఆ లైసెన్సు దగ్గరే నేను ఒకసారి బోల్తా కొట్టాను. టెస్టులో ఎనిమిది ఆకారంలో తిప్పడం బాగానే చేశాను, రివర్సూ పరవాలేదు. చివర్లో చిన్న మట్టిదిబ్బలాంటి ఎత్తు ఉంటుంది. దాని మధ్యలో బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ముందుకు కదపాలి. నేను కదిపాను. బండి వెనక్కే కదిలింది, కింద నిలబెట్టి ఉన్న ఇన్‌స్పెక్టర్ గారి మోటార్ సైకిల్ మీదికి. ఆయన దాన్ని అందుకోవడానికి పరిగెత్తిన తీరు చూసి నాకు ఫలితం అడగాల్సిన అవసరం రాలేదు. కంపెనీవాళ్ళు నెలాఖరుదాకా ఆగుతామన్నారు. నాన్నకు నేను చేల వెంట ఒంటరిగా తిరగడం మొదటినుంచీ ఇష్టం లేదు. ఈసారి కూడా కాకపోతే ఇక ఆ ఊసెత్తకుండా బీఈడీలో చేరమని అన్నాడు. నాన్న అరిచి చెప్పి ఉంటే నేను ఏడ్చో పోట్లాడో నెగ్గేదాన్ని. ఆయన మెల్లిగా, కంచంలో మజ్జిగ పోసుకుంటూ చెప్పాడు. అదే భయమేసింది.

బాబాయ్ మాత్రం తప్పు నాది కాదని తేల్చేశాడు. తప్పు బండిది. ఇంజిన్ పుట్టించే బలాన్ని దారిలో అందరూ తినేస్తున్నారట, చక్రాలదాకా వచ్చేసరికి ఏమీ మిగలట్లేదట. ఏసీ కట్టేస్తే ముసలి ఇంజిన్‌కు కాస్త ఊపిరాడుతుందన్నది నిజమే, అది మాకందరికీ తెలిసిందే. ఆ నిజం పట్టుకుని ఆయన ముందుకెళ్ళాడు. టెస్టు ముందురోజు సాయంత్రం డిక్కీలో స్టెప్నీ తీసేశాడు, జాకీ తీసేశాడు, సీటు కవర్లు ఊడదీశాడు. తర్వాత బానెట్ ఎత్తి, ఫోన్లో ఎవరిదో వీడియో పెట్టి బ్యాటరీకి ఆనించుకుని, లోపలికి వంగి, చీకటి పడేదాకా ఏదో చేశాడు. ఏం చేస్తున్నావని అడిగితే, రేపు నువ్వే చూస్తావన్నాడు.

పొద్దున అమ్మ పెట్టిన బొట్టుతో, పిన్ని ఇచ్చిన నిమ్మకాయతో బయల్దేరాం. మా సందు వాకిట్లోంచి నేరుగా మెయిన్ రోడ్డుదాకా గీత గీసినట్టు ఉంటుంది. అంతదూరం బండి బాగానే వచ్చింది. అద్దాలు దించితే గాలి అడ్డుపడి బలం పోతుందని బాబాయ్ అవీ ఎత్తించాడు. ఎండలు ముదిరిన రోజులు, ఏసీ లేదు, ఇద్దరం ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టు కూర్చున్నాం. మెయిన్ రోడ్డు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, కుడివైపుకు తిప్పబోయాను. స్టీరింగ్ తిరగలేదు. అసలు తిరగలేదని కాదు, ఒక బెత్తెడు తిరిగి ఆగిపోయింది. అప్పటికే బండి ముక్కు రోడ్డు మీదికొచ్చేసింది. ఎదురుగా గడ్డి లోడు లారీ. నేను రెండు చేతులతో వేలాడి, సీట్లోంచి సగం లేచి లాగితే కారు అయిష్టంగా ఒరిగింది. లారీ మా అద్దానికి గడ్డి రాసుకుంటూ వెళ్ళిపోయింది.

రోడ్డు పక్కకు తీసి ఆపాను.

"ఏం చేశావు బాబాయ్ దీన్ని?" అన్నాను.

"పవర్ స్టీరింగ్ బెల్టు తీసేశానమ్మలూ. స్టీరింగ్ తేలిగ్గా తిప్పడానికని ఇంజిన్ బలం అదే తినేస్తోంది. దీనికి ఆ బెల్టు విడిగా ఉంటుంది, వేరే దేనికీ సంబంధం లేదు, అన్నీ చూసుకునే తీశాను," అన్నాడు. అని, ఆశగా అడిగాడు. "పికప్ తెలుస్తోందా?"

బెల్టు మళ్ళీ పెట్టమన్నాను. అది ఇంట్లో ఉంది. తియ్యడానికే నిన్న సాయంత్రమంతా పట్టిన మనిషికి ఇప్పుడు పెట్టడానికి ఎంతసేపు పడుతుందో ఆయనే చెప్పలేకపోయాడు. టెస్టుకు మా టైము దగ్గర పడుతోంది. బండి నడుస్తున్నప్పుడు అంత బరువుండదు, నిలబడి తిప్పితేనే ఇబ్బంది అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. రోడ్డు మీద వేగంగా పోతుంటే నిజంగానే తేడా తెలియలేదు. కానీ టెస్టులో వేగంగా పోయేదేముంది, అంతా నత్త నడకన తిప్పడమే కదా. ట్రాకు చేరేదాకా పక్కన బాబాయ్ చెమట తుడుచుకుంటూ, మధ్యమధ్య అద్దం కొద్దిగా దించుకుంటూ, నేను చూస్తే మళ్ళీ ఎత్తుకుంటూ కూర్చున్నాడు. ఆయనకూ భయం మొదలైందని నాకు తెలిసింది. అది తెలిశాక నా భయం ఇంకాస్త పెరిగింది.

వరసలో నా ముందున్న కుర్రాడు ఎనిమిది తిప్పుతూ, ట్రాకు అంచున హద్దుగా నిలబెట్టిన కర్రల్లో రెండు పడగొట్టాడు. వాడి బండికి పవర్ స్టీరింగ్ ఉంది. ఇన్‌స్పెక్టర్ గారు నన్ను గుర్తుపట్టారు. ఏమీ అనకుండా వెళ్ళి తన మోటార్ సైకిల్ తీసుకుని, మైదానం అవతల వేపచెట్టు దాకా నడిపించుకెళ్ళి, అక్కడ నిలబెట్టి వచ్చారు. (చూస్తున్నవాళ్ళకు ఎందుకో తెలియదు. నాకు తెలుసు.) బాబాయ్ ఆయన దగ్గరికెళ్ళి ఏదో చెప్పబోయాడు, ఆయన దూరంగా నిలబడమని చేత్తో చూపించారు.

ఎనిమిది మొదలుపెట్టాను. ఒక్కటే నియమం పెట్టుకున్నాను, బండి ఆగకూడదు. ఆగితే ఇక తిరగదు. క్లచ్ మీద కాలు తేలుస్తూ, పాకించినట్టు పోనిచ్చి, మలుపు వచ్చేముందే స్టీరింగ్ మీద పడ్డాను. పడ్డాననే అనాలి, ఒంటి బరువంతా వేస్తేగానీ అది కదల్లేదు. అలా వేసినప్పుడల్లా నా మోచెయ్యి హారన్ మీద నొక్కుకుపోయి కారు కేక పెట్టేది. చున్నీ గేరు రాడ్డుకు చుట్టుకుంది. నొసటి మీంచి చెమట కళ్ళలోకి దిగి కర్రలు రెండేసి కనిపించసాగాయి. ఏది అసలు కర్రో తెలియక రెండింటికీ దూరంగా పోయాను. మొదటి సున్నా అయింది, రెండో సున్నాలో సగం అయింది, ఒక కర్రకు బంపరు తగిలీ తగలనట్టు రాసుకుంది. కర్ర ఊగింది. నేను అద్దంలో దాన్నే చూశాను. అది ఊగి ఊగి నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ గారు కిటికీ దగ్గరికి వచ్చి, అక్కడ అడ్డం వచ్చేవాళ్ళెవరూ లేరు గదా, హారన్ ఎందుకు కొడుతున్నావని అడిగారు. అలవాటండి అన్నాను. రివర్సు చెయ్యమన్నారు. దాని సంగతి చెప్పుకోవడానికి నాకు పెద్దగా గుర్తులేదు. పళ్ళు నొప్పి పుట్టాయని మాత్రం గుర్తుంది, అంత బిగించి ఉంటాను.

ఇక ఎత్తు మిగిలింది. అప్పటికి నా రెండు చేతులూ నావి కాకుండా పోయాయి. దిబ్బ మధ్యలో ఆపి హ్యాండ్ బ్రేకు వేశాను. పోయినసారి ఇక్కడే కంగారులో బ్రేకు ఒక్కసారిగా దించేశాను, ఇంజిన్ అందుకునేలోపే బండి జారింది. ఈసారీ అలాగే దించబోయాను, కానీ దాని బటన్ నొక్కడానికి వేలిలో సత్తువ లేదు. ఒకసారి నొక్కాను, జారింది. మళ్ళీ నొక్కాను. ఈలోపు ఎడమ కాలు మెల్లిగా పైకొస్తోంది, ఇంజిన్ గుర్రుమంటోంది, బండి ముక్కు కాస్త లేచింది. అప్పుడు బ్రేకు కొంచెం కొంచెంగా, ముసలావిడ పీట మీద కూర్చున్నట్టు దిగింది. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి పోలేదు. వణికి, దగ్గి, ఎక్కేసింది.

దిగాక ఇన్‌స్పెక్టర్ గారు పాసయ్యావన్నారు. "స్టీరింగ్‌ను అంత గట్టిగా పట్టుకోకమ్మా, అది ఎక్కడికీ పారిపోదు," అన్నారు. నేను దండం పెట్టబోతే చేతులు పైకి లేవలేదు.

బాబాయ్ ఆనందం చెప్పనలవి కాదు. ట్రాకు దగ్గర వరసలో ఉన్నవాళ్ళందరికీ బెల్టు సంగతి వివరించడం మొదలుపెట్టాడు. ఎలా ఎక్కిందో చూశారా, అదంతా మిగిలిన బలమే అని. బ్రేకు సంగతి చెబుదామని నోరు తెరిచి ఊరుకున్నాను. (ఆ బెల్టు తీసేస్తే ఇంజిన్‌కు మిగిలే బలం, ముందు సీట్లోంచి బాబాయ్ దిగిపోతే మిగిలేదానికి మించి ఉండదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.) నా చేతులు చూసి, తిరుగు దారిలో తనే నడుపుతానని బాబాయ్ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బెల్టు తీశాక ఆయన ఆ బండి నడపడం అదే మొదటిసారి.

నేను పక్కన ఆపిన కారు ఈలోపు వచ్చి ఆగిన రెండు జీపుల మధ్య ఇరుక్కుని ఉంది. బాబాయ్ స్టీరింగ్ తిప్పాడు. కదల్లేదు. సీటు సర్దుకుంటున్నట్టు ముందుకు జరిగి మళ్ళీ తిప్పాడు. గడియారం తీసి జేబులో వేసుకుని మళ్ళీ తిప్పాడు. ఇందాక ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళు నలుగురైదుగురు చూస్తున్నారు. మెడ నరాలు పైకి లేచాయి, ముఖం కందగడ్డయింది, కారు మాత్రం అక్కడే ఉంది. ఆయన చేతులు వదిలేసి, అద్దంలోంచి ఆ ఎనిమిది ట్రాకు వైపు చాలాసేపు చూశాడు.

"ఈ బండితోనా అమ్మలూ, నువ్వు అదంతా తిప్పింది?" అన్నాడు.

అవునన్నాను. నేను పక్కసీట్లోంచి వంగి ఒకవైపు పట్టుకున్నాను, ఆయన రెండోవైపు పట్టుకున్నాడు. నేను పైకి తోస్తుంటే ఆయన కిందికి లాగుతూ, ఇద్దరం కలిసి ఆ కారును బయటికి తీశాం. దారిలో అద్దాలన్నీ తనే దించాడు. ఇంటికెళ్ళాక నాన్న ఏమైందని అడిగితే, నేను చెప్పేలోపే బాబాయ్ చెప్పాడు, బెల్టు సంగతి ముందు, టెస్టు సంగతి తర్వాత, ఏదీ దాచకుండా. నాన్న చాలాసేపు నా అరచేతులు చూశాడు, బొబ్బలు లేచి ఉన్నాయి. లోపలికెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చి నా పక్కన పెట్టి, ఉద్యోగంలో ఎప్పుడు చేరాలని అడిగాడు.

ఇప్పుడు నేను నడిపే కారు స్టీరింగ్ చిటికెన వేలితో తిరుగుతుంది. డాష్‌బోర్డు మీద ఒక చిన్న పసుపు దీపం వెలిగితే చాలు, ఆ రోజు ప్రయాణం మానేసి సర్వీసువాళ్ళకు ఫోన్ చేస్తాను. పెనుగొలను వైపు వెళ్ళాల్సిన పని మర్నాటికి వాయిదా వేస్తాను, ఎవరూ ఏమీ అనరు. ఆ రోజు కూడా నేను ట్రాకు దగ్గర బండి బాగాలేదని చెప్పి ఇంకో తేదీ అడిగి ఉండొచ్చు, నెలాఖరుకు ఇంకా రోజులున్నాయి. ఆ సంగతి నాకు పెళ్ళయ్యాక, ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే తట్టింది. ఆ రోజు ఆ బండి తిప్పిన పిల్లకు ఎందుకు తట్టలేదో ఎంత ఆలోచించినా అర్థం కాదు. తట్టకపోవడమే మంచిదయిందనుకుంటాను, అనుకుని, ఎవరూ చూడనప్పుడు నా అరచేతులు ఒకసారి తిప్పి చూసుకుంటాను. మెత్తగా ఉంటాయి.