పైఇంటి పెద్దమ్మ చెప్పిన సినిమా

పైఇంటి పెద్దమ్మ పోయిందని మా ఆయనకు ఫోను వచ్చింది. నేను అప్పుడు బియ్యం కడుగుతున్నాను. "చేగుంటల, బిడ్డ ఇంట్ల పానం పోయిందట," అన్నాడు ఆయన. ఆమె మా ఇంటి ఓనరమ్మ. ఒంట్లో బాగాలేదని కూతురు తీసుకుపోతుంటే, తొందర్లోనే వచ్చేస్తానని మెట్ల మీద నిలబడి నాకు చెప్పింది. మెదక్‌లో నాతో కూర్చుని మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

నేను టేక్మాల్ దగ్గరి పల్లె నుంచి పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చాను. పెద్దగా చదువుకోలేదు. కొత్తవాళ్లు కనిపిస్తే నాకు మాట రాదు. మా ఆయన పనికి వెళ్లాక తలుపు దగ్గరకు వేసుకుని కూర్చునేదాన్ని. మధ్యాహ్నం కాగానే పైనుంచి పిలుపు వినిపించేది.

"ఏం జేస్తున్నవే బిడ్డా? గోడలతోని ముచ్చట పెడ్తున్నవా? పైకి రా, సినిమా వస్తుంది."

నాకు హిందీ రాదు, ఆమెకు వచ్చు. పెళ్లయిన కొత్తలో భర్తతో మహారాష్ట్రలోని భివండి వెళ్లిందట. ఆయన మిల్లుకు పోతే గదిలో రోజంతా ఒక్కతే. "మాట్లాడుదామంటె మనిషి లేకపాయె. సినిమాలు సూసుకుంటనే నేర్సిన," అనేది. ఆయన మంచివాడే కానీ మాటల్లో పిసినారి అని నవ్వేది.

మేము ఎక్కువసార్లు చూసింది ఒక ప్రేమ సినిమా. కొండల్లో చిన్న ఊరు. పోస్టాఫీసులో పనిచేసే ఆమె, పక్క దుకాణంలో బట్టలు కుట్టే అతను. సగం సినిమా దాకా ఇద్దరూ ఒకే చూరు కింద వాన తగ్గాలని నిలబడటమే. ఆమె కోటు గుండీ ఊడితే కుట్టి ఇస్తాడు, ఆమె తీసుకుని వెళ్తుంది. మొదటిసారి నాకు విసుగొచ్చింది.

"ఎప్పుడు మొదలైతది పెద్దమ్మా?" అని అడిగాను.

"మొదలై శానాసేపాయె. నీకే కానస్తలేదు," అన్నది.

మళ్లీ చూసినప్పుడు కనిపించింది. గుండీ కుట్టాక దారం వెంటనే తెంపడు, కాస్త ఆగుతాడు. సినిమా అంతా ఆ ఆగడంలోనే ఉంది. నడుమ వచ్చే పెళ్లి పాట మాత్రం తీసేసినా నష్టం లేదు. ఆ పాట రాగానే పెద్దమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీసేది. పాట అయిపోతే చేతులు ఆగిపోయేవి.

తెర మీద ఎవరు మాట్లాడినా వెంటనే తెలుగులో చెప్పేది. చివర్లో ఆ పోస్టాఫీసు ఆమెకు బదిలీ అవుతుంది. బస్సు ఎక్కేటప్పుడు అతను ఏదో అంటాడు. పెద్దమ్మ ఆ మాట నెమ్మదిగా, నా వైపు చూడకుండా చెప్పేది.

"ఇన్నేండ్లు నీ పక్కపొంటనే ఉన్న, నీతోని ఒక్క ముచ్చట పెట్టకపోతి. గిప్పుడు నువ్వు పోతుంటె నోరొచ్చింది అంటుండు, బిడ్డా."

మొన్న ఆదివారం అదే సినిమా మా టీవీలో వచ్చింది. మా ఆయన పక్కనే పడుకుని ఫోను చూస్తున్నాడు. లారీ మీద మహారాష్ట్ర అంతా తిరిగినవాడు, హిందీ బాగా వచ్చు. బస్సు దగ్గరి మాట రాగానే ధైర్యం చేసి అడిగాను.

"ఏమన్నడు?"

"ఎడమదిక్కు కూసోమంటుండు. అటు ఎండ రాదట."

"గంతేనా?"

"గంతే. ఇంకేముంటది?"

మరి పెద్దమ్మ చెప్పిన ఆ మాటలు ఎక్కడివి? అడుగుదామంటే ఆమె లేదు. భివండి గదిలో ఆమె ఎవరి నోట వినాలని ఎదురుచూసిందో నాకు నేనే అనుకోవాలి. అవి విన్నదాన్ని నేనొక్కదాన్నే. నేను కూడా పైకి అనకపోతే అవి ఇక ఎక్కడా ఉండవు.

"పెద్దమ్మ గట్ల జెప్పలే," అన్నాను.

"మరేమని జెప్పింది?"

పెళ్లయినప్పటి నుంచి ఆయన ముందు నేను అంత పొడుగు మాట అనలేదు. టీవీనే చూస్తూ, ఆమె చెప్పినట్టే, ఒక్క మాట తప్పకుండా చెప్పాను. ముసలామె కథలల్లిందని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఫోను పక్కన పెట్టి లేచి కూర్చున్నాడు.

తెర మీద బస్సు వెళ్లిపోయింది. దుమ్ము అణిగేదాకా ఖాళీ రోడ్డునే చూపిస్తూ ఉన్నారు. మేమిద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.